పక్షవాతము: గడియారమును చూచిన కోడలు

ఈ శీర్షిక క్రింద మేము నెలనెలయు ఇంటివారి యారోగ్యమును గూర్చి వ్రాయుచుండుట మీ రెఱిగినదే. ఈ మాసమున మెదడును గూర్చియు, పుఱ్ఱెను విప్పకయే దానిలోపల జరుగుచున్నదానిని చూపగల యంత్రములను గూర్చియు ముచ్చటింపదలచితిమి. యంత్రముల సంగతి వైద్యులకు గాని వంటయింటిలోని మనకేల యని కొంద ఱనుకొనవచ్చును. అట్లనుకొనుటవలన నెంత నష్టము వాటిల్లునో తెలుపుటకై, ముందుగా మేమెఱిగిన యొక యింట జరిగిన సంగతిని మనవిచేసెదము.

ఆ యింటి పెద్దామెకు 58 ఏండ్లు. రక్తపుపోటు హెచ్చుగా నున్నదని వైద్యుడు మాత్రలిచ్చియుండెను. ఒంట్లో బాగుగనే యున్నదిగదా యని యామె కొంతకాలమునకు వానిని మానివేసెను. ఒక సోమవారము ప్రాతఃకాలమున నామె వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుచుండగా చేతిలోని పిండి జారిపోయినది. కోడలు చూచి "ఏమత్తయ్యా?" యని పిలువగా మాట ముద్దముద్దగా వచ్చినది. నోరొక ప్రక్కకు లాగినది. కోడలామెను పొదివిపట్టి కూర్చుండబెట్టి, లోనికి పరుగెత్తి మగవారిని లేపినది.

అటుపిమ్మట నెవరికి దోచినది వారు చెప్పిరి. పైత్యమని యొకరు, వాయువని వేఱొకరు అనిరి. వేడికాఫీ త్రాగింపజూడగా అది గొంతు దిగక పొలమాఱినది. పావురపు నెత్తురు రాచిన మంచిదని పొరుగామె చెప్పినది. పసరు పోయువా రెక్కడనో యున్నారని మఱొకరు చెప్పిరి. ఏడున్నర మొదలు తొమ్మిదింటి వఱకు రాహుకాలమగుటచే నది దాటనిచ్చి బయలుదేరిరి. తొలుత పోయిన యాసుపత్రిలో మెదడును చిత్రించు యంత్రము లేదనిరి. రెండవ యాసుపత్రికి చేరునప్పటికి పది గంటలైనది.

అచ్చటి వైద్యుడు వెంటనే చిత్రము తీయించి, "ఈమె కడపటిసారిగా బాగుగా నున్నది ఏ వేళకు?" అని యడిగెను. మగవా రొకరి మొగ మొకరు చూచుకొనిరి. "మేము నిద్రలేచునప్పటికే యిట్లున్నదండీ, రాత్రి బాగుగనే పండుకొన్నది" అని చెప్పిరి. వేళ తెలియనప్పుడు రాత్రి పండుకొన్న గడియనుండియే లెక్కింపవలసియుండుట వైద్యశాస్త్రపు నియమము. ఆ లెక్కను గడువు దాటినది గనుక మందు ఇయ్య వలనుపడదని యాతడు చెప్పెను.

సాయంకాలము కోడలు క్యారియరులో భోజనము తీసికొని వచ్చినది. వైద్యుడు మాటవరుస కడుగగా, "పాలవాడు వెళ్లిన వెంటనే నండీ. గోడగడియారము చూచినాను, ఆఱు దాటి పది నిమిషములు. అంతకు క్షణము ముందు వఱకు నాతో మాటాడుచునే యున్నది" అని చెప్పినది. వైద్యుడు కొంతసేపు మాటాడలేదు. పదియుంబావునకు చిత్రము తీసిననాటికి మందునకు ఇంకను ఇరువదియైదు నిమిషముల గడువు మిగిలియుండెను. ఆ సంగతి తెలిసిన యొక్క మనిషిని పిల్లలకు అన్నము పెట్టుటకై యింట విడిచి వచ్చిరి.

ఈ ఇరువదియైదు నిమిషముల విలువ యెట్టిదో తెలియవలెనన్న పక్షవాత మనగా నేమో తెలిసికొనవలయును.

మన మెదడు రక్తము లేక కొలది నిమిషములైన నిలువజాలదు. దానికి రక్తమును గొనిపోవు నాళములలో నేదేని యొకటి గడ్డచేత మూసికొనిపోయిన నొక విధమగు పక్షవాతము వచ్చును. నాళము చిట్లి మెదడులోనికి నెత్తురు కాఱిన మఱియొక విధము వచ్చును. ప్రపంచమున పక్షవాతము వచ్చినవారిలో నూటికి 60 మందికి పైగా మొదటి విధమువారే. రెంటియందును నోరు వంకరపోవును, చేయి కాలు పడిపోవును, మాట తడబడును. పైకి చూచి యిది గడ్డయో యది నెత్తురు కాఱుటయో నిశ్చయించుట యెంతటి యనుభవజ్ఞునకైనను తరము గాదు. కాని చికిత్సలు మాత్రము ఒకదాని కొకటి విరుద్ధములు. మొదటిదానికి గడ్డను కరగించు మందు కావలయును. అదే మందును రెండవదాని కిచ్చిన, కాఱుచున్న నెత్తురు మఱింత కాఱి ప్రాణము తీయును. కావుననే లోపల నేమి జరిగినదో చూచినగాని మందు ముట్టరాదు.

చూచుట యెట్లు? 1895వ సంవత్సరమున రంట్జన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొన్నను, వానితో ఎముక కనబడునే గాని పుఱ్ఱెలోని మెత్తని మెదడు కనబడదు. 1919లో అమెరికాలో డాండీ యను శస్త్రవైద్యుడు వెన్నుపూసలగుండా గాలిని ఎక్కించి, ఆ గాలి మెదడులోని ఖాళీలను నింపగా చిత్రము తీయు పద్ధతిని తెలిపెను. రోగులకు దానివలన భరింపరాని తలనొప్పియు వాంతులును కలుగుచుండెను. 1927లో పోర్చుగలు దేశమున మొనీజ్ అను వైద్యుడు నాళములలోనికి రంగు ద్రవమును పంపి వానిని చిత్రించెను. ఈ రెండును మెదడునుగాక దాని చుట్టునున్న జాడలను మాత్రమే చూపినవి.

మెదడునే చూపిన యంత్రము మన పాత గ్రామఫోను పెట్టెకు చుట్టమని చెప్పిన మీరు నవ్వుదురేమో! కుక్కబొమ్మ గల రికార్డులను అమ్మిన ఇ.ఎం.ఐ. అను ఆంగ్ల కంపెనీలోనే గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అను నింజనీరు పనిచేయుచుండెను. తలచుట్టును అనేక దిక్కులనుండి ఎక్స్ కిరణములను పంపి, ప్రతి దిక్కున నెంత కిరణము లోపల నిలిచిపోయినదో కొలిచి, ఆ లెక్కలన్నిటిని గణనయంత్రముచేత కూర్చిన యెడల తలను దోసకాయ చక్రములవలె కోసి చూచినట్లు చిత్రము వచ్చునని యాతడు గ్రహించెను. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఈ యంత్రముతో తొలిసారిగా నొక రోగి తలను చిత్రించిరి. ఆ రోగి యొక స్త్రీ. మెదడులో కంతి యున్నదని వైద్యు లనుమానించిరి. చిత్రములో నది స్పష్టముగా కనబడినది. ఆ చిత్రమున నిలువున 80, అడ్డమున 80 చుక్కలు మాత్రమే యుండెను. మన ముగ్గులవలెనే చుక్కలనుండియే రూప మేర్పడినది. 1979లో హౌన్స్‌ఫీల్డునకును, దీనికి గణితమార్గమును చూపిన కార్మాక్‌నకును నోబెల్ బహుమాన మొసగిరి. మన మిప్పుడు సీటీ స్కాను అనునది దీనినే.

సీటీ చిత్రములో క్రొత్తగా కాఱిన నెత్తురు తెల్లగా కనబడును. అది కొలది నిమిషముల పని. అయితే ఒక సంగతిని మీరు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలయును. గడ్డవలన వచ్చిన పక్షవాతమున మొదటి గంటలలో సీటీ చిత్రము మామూలుగనే కనబడవచ్చును. "స్కానులో నేమియు లేదన్నారు" అని సంతోషించి యింటికి మరలివచ్చినవారు కలరు. నోరు వంకరపోయి, చేయి లేవక, చిత్రములో నెత్తురు లేకున్న నది శుభవార్త కాదు. గడ్డను కరగించు మందు ఇయ్యవచ్చునేమో యని వెంటనే యడుగవలసిన ఘడియ యది.

ఎం.ఆర్.ఐ. యను రెండవ యంత్రమున ఎక్స్ కిరణములు లేవు. బలమైన అయస్కాంతముచేతను రేడియో తరంగములచేతను అది శరీరములోని నీటియంశమును చిత్రించును. దీనిని రూపొందించుటకు మూలమైన పరిశోధనకై లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అను నిద్దఱకు 2003లో నోబెల్ బహుమాన మీయబడినది. రక్తమందని మెదడుకణములు ఉబ్బినప్పుడు వానియందు నీటి కదలిక తగ్గును. ఎం.ఆర్.ఐ. ఆ తగ్గుదలను పట్టుకొని, సీటీకి కనబడని క్రొత్త పక్షవాతమును మొదటి గంటలోనే చూపగలదు. ఈ గదిలోనికి పోవునప్పుడు నగలన్నియు తీయుమందురు. పుస్తెలు తీయుట అశుభమని జంకి వాదులాడుచు కాలము గడపుటను మేము కన్నులార చూచితిమి. బంగారము అయస్కాంతమునకు అంటకున్నను, గొలుసునకు తగిలించిన పిన్నీసులును కొక్కెములును ఇనుపవి కావచ్చును. లోహమువలన చిత్రము చెడవచ్చును, చర్మము కాలవచ్చును. పసుపుత్రాటికి పసుపుకొమ్ము కట్టి మెడలో వేసికొనిన మనస్సునకు శాంతి, పనికి తొందర రెండును నెఱవేఱును.

ఇక మందు సంగతి. 1995లో అమెరికాలో 624 మంది రోగులపై జరిగిన పరిశోధనలో, పక్షవాతము మొదలైన 3 గంటలలోపల గడ్డను కరగించు ఆల్టెప్లేస్ అను మందును ఇచ్చి చూచిరి. మూడు మాసములకు వైకల్యము లేకయో, మిక్కిలి స్వల్పముగనో బ్రతుకు సాగించుటకు, మందు పొందినవారికి తక్కినవారికంటె కనీసము 30 శాతము ఎక్కువ అవకాశము కలిగినది. అయితే మందు పొందినవారిలో 100కి 6.4 మందికి మెదడులో ప్రమాదకరముగా నెత్తురు కాఱినది, పొందనివారిలో 0.6 మందికి మాత్రమే. వైద్యు లీ మందునకు వెనుకముందు లాడుటకును, చిత్రమును వేళను రెంటిని అడుగుటకును కారణ మిదియే. 2008లో ఐరోపాలో జరిగిన పరిశోధన ఈ గడువును నాలుగున్నర గంటలకు పొడిగించినది.

మందుకు కరగని పెద్దగడ్డలను, తొడలోని నాళముగుండా సన్నని గొట్టమును మెదడు వఱకు పంపి లాగివేయు విధానమును 2015లో ప్రకటించిన డచ్చి పరిశోధన స్థిరపఱచినది. 500 మందిపై జరిగిన యీ పరిశోధనలో తమ పని తాము చేసికొనగలిగినవారు, గడ్డ తీసినవారిలో 32.6 శాతము, తీయనివారిలో 19.1 శాతము. 2018లో వెలువడిన మఱియొక పరిశోధన యింకను ముందుకు పోయినది. అందు గణనయంత్రము చిత్రములను లెక్కగట్టి, మెదడులో చచ్చిన భాగ మెంతయో చెప్పినది. రోగి దుస్థితినిబట్టి చూడగా చచ్చిన భాగము కొంచెమై, ప్రాణముతో కొట్టుకొనుచున్న భాగ మెక్కువగా నున్నదని తోచినవారికి 6 మొదలు 24 గంటలలోపలకూడ గడ్డ తీసిరి. మూడు మాసములకు స్వతంత్రముగా నుండగలిగినవారు తీసినవారిలో 49 శాతము, తీయనివారిలో 13 శాతము. ఆ సంవత్సరమే, నిద్రలో పక్షవాతము వచ్చి వేళ తెలియనివారికి ఎం.ఆర్.ఐ. చిత్రమునుబట్టి వేళను ఊహించి మందిచ్చి మేలు పొందవచ్చునని ఐరోపాలో 503 మందిపై జరిగిన పరిశోధన చూపినది.

అయిన నింక తొందర యేల యని యనుకొనరాదు. పెద్ద నాళము మూసికొనిపోయినప్పుడు నిమిషమునకు సుమారు 19 లక్షల మెదడుకణములు నశించుచుండునని 2006లో అమెరికాలోని యొక వైద్యుడు లెక్కగట్టెను. ఆ 24 గంటల గడువు అందఱకును కాదు. చిత్రము అనుకూలముగా నున్న కొందఱకు మాత్రమే. పైగా ఎం.ఆర్.ఐ. యు, గడ్డ తీయు నిపుణులును ప్రతి యూర నుండరు. మేము చెప్పిన పెద్దామె చేరిన యాసుపత్రిలో సీటీ మాత్రమే యుండెను. వేళను ఊహించు యంత్ర మచట లేదు. వేళ తెలిసిన కోడలు మాత్ర మింట నుండెను.

నిపుణులు లేని యూళ్లకు నిపుణుల కన్నులను కొనిపోవు సాధనములును వచ్చినవి. చిన్న యాసుపత్రిలో తీసిన చిత్రమును తంతివేగమున పెద్ద యాసుపత్రికి పంపగా, అచ్చటి వైద్యుడు తన చేతిఫోనులోనే చూచి సలహా చెప్పగలడు. 2018లో అమెరికా ప్రభుత్వమువారు అనుమతించిన యొక గణనసాధనము, నాళము మూసికొనినట్లున్న చిత్రమును తానే గుర్తించి నిపుణుని ఫోనునకు హెచ్చరిక పంపును. అది పొరబడనిది కాదు. కడపటి నిర్ణయము వైద్యునిదే. 2008లో జర్మనీలోని హోంబుర్గ్ పట్టణమున (ఇది ఓడరేవైన పెద్దనగరము గాదు, సార్లాండులోని చిన్న యూరు) సీటీ యంత్రమునే బండిలో నమర్చి రోగి యింటికి పంపు నేర్పాటు చేసిరి. మన దేశమున భారత వైద్య పరిశోధన మండలివారు అస్సాములో నట్టి బండిని నడిపించినారు. మన తెలుగునాట 2005లో ఆరంభమైన 108 బండి యట్టిది కాకున్నను, ఫోను చేసిన వచ్చును. యంత్ర మున్న యాసుపత్రికే తీసికొనిపొండని వారిని గట్టిగా కోరవలయును.

బాలింతలున్న యిండ్లవారికి ప్రత్యేకముగా నొక మాట. పురిటి తరువాతి వారములలో మెదడునుండి రక్తమును గొనివచ్చు సిరలలో గడ్డ కట్టు వ్యాధి యొకటి కలదు. తెంపులేని తలనొప్పి, వాంతులు, చూపు మసకబాఱుట, ఫిట్సు, ఒక చేయి పడిపోవుట దీని లక్షణములు. దీనిని సన్ని యనియు, గాలి సోకినదనియు తలచి మంత్రము వేయించి కాలము పోగొట్టుకొన్న కుటుంబము లెన్నియో. సిరలను చూపు చిత్రము తీయించిన వ్యాధి బయటపడును; సకాలమున చికిత్స జరిగిన పెక్కుమంది చక్కగా కోలుకొందురు. బాలింతకు నీరు నిర్బంధించు పథ్యము రక్తమును చిక్కబఱచి కీడు చేయును గనుక దానిని మానుడు.

ఇక మీరు చేయవలసిన పని. అనుమానము కలిగిన వెంటనే ఆ మనిషిని నవ్వుమనుడు. మూతి యొక ప్రక్కకు పోవునేమో చూడుడు. రెండు చేతులు చాపి పైకెత్తుమనుడు. ఒకటి జాఱునేమో చూడుడు. ఒక వాక్యము పలుకుమనుడు, తడబడునేమో వినుడు. వీనిలో నొక్కటి కనబడినను గడియారము చూచి, ఆమె కడపటిసారిగా బాగుగా నున్న వేళను కాగితముపై వ్రాసి, 108కి ఫోను చేయుడు. నోటికి కాఫీగాని నీరుగాని మాత్రగాని పెట్టకుడు. గుండెకు మంచిదని విని ఆస్పిరిను మ్రింగింపకుడు. లోపల నెత్తురు కాఱుచున్నదేమో చిత్రము తీయక యెవరికిని తెలియదు. లక్షణములు పది నిమిషములలో తగ్గిపోయినను ఆసుపత్రికి పోవుట మానకుడు. అది రాబోవు పెద్ద పక్షవాతమునకు ముందు హెచ్చరిక కావచ్చును. ఆమె వాడు మందుల చీటీని వెంట తీసికొనిపొండు. అన్నిటికంటె ముఖ్యముగా, మొదట చూచిన మనిషి రోగి వెంట పోవలయును. ఆమె కోడలైనను, పనిమనిషి యైనను, పదేండ్ల బాలిక యైనను సరియే. వంట ఆ పూటకు ఎవరైనను చేయుదురు.

ఇవన్నియు వ్యాధి వచ్చిన పిదపటి మాటలు. రాకుండ జూచుకొనుటకు రక్తపుపోటును కొలిపించుకొని, మాత్రలు మానకుండుటయే మొదటి యుపాయము. స్త్రీలు ఇంటిల్లిపాదికి మందులు గుర్తుచేసి తమ మందును మఱచుట సర్వసాధారణము. ఆ పెద్దామె మఱచినదియు అదియే.

ఆమె బ్రతికినది. మాట చాలవఱకు తిరిగివచ్చినది. కుడిచేయి మాత్రము స్వాధీనము కాలేదు. ఇప్పుడు ముగ్గు కోడలు పెట్టుచున్నది; అత్తగారు అరుగుపై కూర్చుండి చుక్కలు లెక్కచెప్పుచున్నది. మొన్న మేము వెళ్లినప్పుడు ఆ కోడలు మాతో, "ఆనాడు నన్నెవ్వరు నడుగలేదండీ, నేనును అడుగకుండ చెప్పలేకపోయితిని" అని చెప్పినది. కొన్ని కోట్ల రూప్యముల యంత్రము మెదడులో నేమి జరిగినదో చూపగలదు. ఎప్పుడు జరిగినదో ఇంటిలో చూచినవారే చెప్పవలయును. సోదరీమణులారా, అడుగకున్నను చెప్పుడు.